కోడిపిల్లలు అమ్మేవాళ్ళకు: పెట్టెతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి

హేచరీలు నడిపేవాళ్ళకూ, వాళ్ళ దగ్గర తెచ్చి చిల్లరగా అమ్మేవాళ్ళకూ, ఫోన్లో ఫోటోలు పెట్టి ఆర్డర్లు తీసుకునేవాళ్ళకూ నమస్కారం.

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే మామూలు మనిషిని నేను. మీరు పిల్లల్ని పొదిగించి ఇవ్వకపోతే మాలాంటివాళ్ళ పెరట్లో కోళ్ళే ఉండవు, ఆ సంగతి మర్చిపోయి రాయట్లేదు. కానీ మీ దగ్గర పిల్లల్ని కొన్నవాళ్ళు మూడో రోజు నుంచి ఫోన్ చేసేది మీకు కాదండీ, మాకు. "అన్నీ ఒక మూలకి చేరి ఒకటే అరుపులు, ఏం చేయమంటారు?" అని ఒకరు, "కాలు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోయింది, విరిగిందంటారా?" అని ఇంకొకరు, "అన్నీ పెట్టలే అని చెప్పి ఇచ్చారు, ఇవాళ పొద్దున ఒకటి కూసింది" అని మరొకరు. ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ అదే బాధ. ఆ ఒక్క మాట అమ్మేరోజే చెప్పి ఉంటే ఆ పిల్ల బతికేది, లేదా అసలు ఆ ఇంటికి వెళ్ళేదే కాదు.

అందుకని ఒకటే అడుగుతున్నాను. పిల్లల పెట్టె చేతిలో పెట్టేటప్పుడు దాంతో పాటు ఒక కాగితం ఇవ్వండి. రెండు వైపులా అచ్చేసిన ఒక్క కాగితం చాలు. ఈ పిల్ల ఏమిటి, దీనికి ఏం కావాలి, రేపు ఇది ఏమవుతుంది అన్నది ఉన్నదున్నట్టు అందులో ఉండాలి. ఏమేం రాయాలో, ఎందుకు రాయాలో నాకు తెలిసింది చెప్తాను.

మొదటిది వేడి. గుడ్డులోంచి బయటికొచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి తీసేసుకుంటుంది, దాంతో రెండు మూడు రోజులు మేతా నీళ్ళూ లేకపోయినా నిలబడగలదు. మీరు రోజు వయసు పిల్లల్ని పెట్టెలో పెట్టి అంత దూరం పంపగలుగుతున్నది దానివల్లే. కొనేవాళ్ళకి ఇది తెలియదు. చేతిలో పెట్టుకుంటే హుషారుగా నడుస్తోంది, కిచకిచమంటోంది, ముక్కుతో పొడుస్తోంది, ఇక దీనికేం లోటని అనుకుంటారు. ఒంటి మీదున్న ఆ మెత్తటి నూగు చలిని ఆపదని, మొదటి వారం దాని చుట్టూ దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలని, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ ఈకలొచ్చేదాకా, అంటే ఐదారు వారాలు, అలా చూసుకోవాలని ఎవరూ చెప్పరు. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గట్టిగా అరుస్తుంటే చలి. గోడలకి అతుక్కుపోయి నోళ్ళు తెరిచి రెక్కలు జార్చేస్తే వేడెక్కువ. అంతటా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని కాళ్ళు చాపుకుని పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద ఉంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఆగిపోతాయి.

దాని పక్కనే ఇంకో రెండు మాటలు. కింద నున్నటి కాగితం పరిస్తే కాళ్ళు జారి పక్కలకి పోతాయి, అలా ఎదిగితే ఇక సరిగ్గా నిలబడలేవు, కాబట్టి గరుకు గుడ్డో రంపపు పొట్టో పరచాలి. నీళ్ళు లోతు లేని పళ్ళెంలో, మధ్యలో గులకరాళ్ళు వేసి పెట్టాలి, ఎందుకంటే వేలెడు లోతు నీళ్ళలో కూడా పిల్ల మునిగి చస్తుంది. ఇంటికి తీసుకెళ్ళగానే ఒక్కోదాని ముక్కు నీళ్ళకి తాకించి గుటక వేసిందా లేదా చూసుకోవాలి.

రెండోది టీకా. ఇక్కడ మాత్రం మీ మీద గట్టిగానే ఫిర్యాదు ఉంది. కాళ్ళు చచ్చుబడేలా చేసే మారెక్స్ అనే జబ్బుకి టీకా పిల్ల పుట్టిన రోజే, హేచరీలోనే వేయాలి. దాని వైరస్ కోళ్ళ ఈకల దుమ్ములో ఉంటుంది, పాత గూళ్ళలో నెలల తరబడి బతుకుతుంది, పిల్ల ఇంటికెళ్ళాక వేద్దాంలే అంటే అప్పటికే ఆలస్యం. పైగా ఆ మందు వందల డోసుల, వెయ్యి డోసుల సీసాల్లో వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఆరు పిల్లలున్న ఇంట్లో ఎవరు తెచ్చుకోగలరు? వేయగలిగింది మీరొక్కరే. వేశారా అని అడిగితే "అన్నీ వేసే ఇస్తామండీ" అనే జవాబు వస్తుంది, ఏది, ఏ రోజు అంటే మాట దాటేస్తారు.

మా పెరట్లో మూడు నెలల పెట్ట ఒకటి అలాగే పోయింది. ముందు కొంచెం కుంటింది, ముల్లు గుచ్చుకుందేమో అని పాదం అంతా వెతికాం. రెండు రోజులకి ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాచి పక్కకి ఒరిగిపోయింది. బాధ ఎక్కడంటే దాని కళ్ళు చురుగ్గానే ఉన్నాయి, అరచేతిలో గింజలు పెడితే ఆత్రంగా తినేది, మిగతావి అటు పరిగెడితే తనూ లేవబోయేది, కాళ్ళు మాత్రం మాట వినేవి కావు. దానికి మందు లేదు. అమ్మిన మనిషిని అడిగితే టీకా వేశారో లేదో తనకీ తెలియదన్నారు, పై నుంచి ఎలా వస్తే అలా అమ్ముతామన్నారు. చేతులు మారినప్పుడల్లా ఆ వివరం ఇలా మాయమైపోతోంది కాబట్టే కాగితం కావాలంటున్నాను. హేచరీలో రాసింది కొన్నవాళ్ళ ఇంటిదాకా రావాలి. కొక్కెర తెగులుకి మొదటి వారంలో కంట్లో వేసే చుక్కలూ, తర్వాత వేయించాల్సినవీ కూడా అందులోనే రాయండి, ఇవైతే ఇంట్లోవాళ్ళు పశువైద్యుల్ని అడిగి చేయించుకోగలరు.

మూడోది పుంజుల సంగతి. రోజు వయసు పిల్ల ఆడో మగో చూసి తేల్చడం ఎంత కష్టమైన విద్యో మీకు నేను చెప్పక్కర్లేదు. రెట్ట వచ్చే చోట ఉండే ఆవగింజంత గుర్తును బట్టి చెప్పే పద్ధతిని జపాన్ పరిశోధకులు 1930ల్లో ప్రపంచానికి నేర్పారు, దాన్ని తప్పుల్లేకుండా చేయడానికి ఏళ్ళ సాధన కావాలి. ఆరితేరినవాళ్ళు చూసినా నూటికి కొన్ని తప్పుతాయి. పుట్టినప్పుడే రంగులో తేడా తెలిసే సంకర జాతులైతే వేరు, అవి నమ్మొచ్చు. మిగతా వాటిలో ఏరకుండా అమ్మితే సగానికి సగం పుంజులే అనుకోవాలి. అలాంటప్పుడు "అన్నీ పెట్టలేనండీ, నేను గ్యారంటీ" అని ఎలా అంటారు?

ఆ మాట నమ్మి తీసుకెళ్ళిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో చిన్నపిల్లలు ఆ కోడిపిల్లకి పేరు పెడతారు, భుజమెక్కించుకుంటారు. మూడు నెలలు తిరిగేసరికి దాని జుట్టు ఎర్రగా పెరిగి, మెడ మీద ఈకలు సన్నగా మొనదేలి, ఒక తెల్లవారుజామున గొంతు పగిలినట్టు మొదటి కూత కూస్తుంది. రెండో వారానికి గొంతు సర్దుకుంటుంది, పక్కింటివాళ్ళకి నిద్ర కరువవుతుంది. అక్కడి నుంచి ఇంట్లో గొడవ, దాన్ని ఎవరికివ్వాలి, ఎక్కడ వదలాలి. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు, మీరూ చెప్పరు. పుంజు వద్దని నేననట్లేదు. మంచి పుంజు గింజ దొరికితే తను తినకుండా పెట్టల్ని పిలిచి చూపిస్తుంది, గద్ద నీడ పడితే ముందు అదే చూస్తుంది. కానీ చోటు ఉండి, కావాలని తెచ్చుకున్నవాళ్ళ దగ్గర దానికి బతుకు ఉంటుంది. కాబట్టి కాగితంలో రాయండి: ఇవి ఏరినవా, ఏరనివా. మగదని తేలితే మీరు తిరిగి తీసుకుంటారా, తీసుకుంటే దాన్ని ఏం చేస్తారు. గుడ్ల జాతుల్లో మగపిల్లల్ని పుట్టిన రోజే చంపేసే పద్ధతిని జర్మనీ 2022 నుంచి నిషేధించింది, గుడ్డులో ఉండగానే ఆడామగా తేల్చే యంత్రాలు అక్కడ హేచరీల్లోకి వచ్చాయి. మీరు రేపటికల్లా ఆ యంత్రాలు తెచ్చుకోవాలని ఎవరూ అనరు. తెలియనిది తెలియదని చెప్పడానికి యంత్రం అక్కర్లేదు కదా.

ఇంకొకటి, ఇది కాగితంతో పోయేది కాదు. దయచేసి రంగులద్దిన పిల్లల్ని అమ్మడం ఆపేయండి. గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పిల్ల చూస్తే ఏ బిడ్డయినా కావాలని ఏడుస్తుంది, అమ్మానాన్నలు ఒకటి కొనిస్తారు, ఆ ఒక్కటీ అట్టపెట్టెలో ఒంటరిగా రాత్రంతా అరిచి అరిచి చాలాసార్లు వారం తిరక్కుండానే పోతుంది. కోడి ఒంటరిగా బతికే పక్షి కాదు. ఎవరు ఎవరి తర్వాత తినాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో వాటిలో వాటికి వరస ఉంటుందని నార్వేకి చెందిన జంతుశాస్త్రవేత్త థార్లీఫ్ షెల్డరప్-ఎబ్బె చిన్నప్పటి నుంచి కోళ్ళని గమనించి 1921లో రాశాడు. ఆ వరస లేని చోట కోడికి దిక్కు తోచదు. మూడుకి తక్కువ అమ్మం అని ఒక బోర్డు పెట్టండి, పోయే బేరం కన్నా మిగిలే ప్రాణాలు ఎక్కువ.

ఇన్ని కష్టాలు చెప్తుంటే ఇక ఎవరైనా ఎందుకు పెంచాలి అనిపిస్తుంది. కాబట్టి సంతోషం కూడా రాయండి, అదీ నిజమే కదా. గుడ్ల కోసం మొదలుపెట్టినవాళ్ళని తర్వాత కట్టిపడేసేది వేరే ఉంటుంది. పొద్దున్నే గూడు తలుపు తీస్తే రెక్కలు విదిల్చుకుంటూ ఒకదాన్నొకటి తోసుకుంటూ దూకే ఆ ఊపు చూడ్డానికే లేస్తాను నేను. కోడికి ఇరవైకి పైగా రకాల పిలుపులున్నాయని పరిశీలించినవాళ్ళు లెక్కగట్టారు, రోజూ పక్కన కూర్చుంటే వాటిలో కొన్ని మనకీ అర్థమవుతాయి. నేల మీద పిల్లి గానీ కుక్క గానీ కనిపిస్తే మెడ నిక్కించి కొక్కొక్కొక్ అని ఆపకుండా అరుస్తాయి. పైన గద్ద కనిపిస్తే ఆ అరుపు కాదు, సన్నగా సాగదీసిన ఒకే ఒక్క కీచు, అంతే, పెరడంతా ఎక్కడివక్కడ బిగుసుకుపోతుంది. అప్పుడు గమనిస్తే ఒక్కో పెట్ట తల పక్కకి వాల్చి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది. మనం తలెత్తి వెతికితే ఎక్కడో చుక్కంత గద్ద. మనకంటే ముందు వాటికెలా కనిపించిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పొదుగుకు కూర్చున్న పెట్ట సంగతి చెప్పకుండా ఉండలేను. ఇరవై ఒక్క రోజులు, రోజుకి ఒక్కసారి లేచి గబగబా నాలుగు గింజలు తిని, ఇన్ని నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంటుంది. చివరి రెండు రోజుల్లో చెవి దగ్గర పెట్టుకుంటే గుడ్డు లోపలి నుంచి కిచకిచ వినిపిస్తుంది, తల్లి అడుగు గొంతుతో క్లక్ క్లక్ అని బదులిస్తుంది. పిల్ల బయటికి రాకముందే తల్లి గొంతు తెలుసుకుంటుందన్నమాట. మీ యంత్రంలో పుట్టిన పిల్లకి ఆ గొంతు లేదు. అందుకే దాన్ని కొన్నవాళ్ళకి వేడి గురించీ నీళ్ళ గురించీ ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

మేత గురించి రెండే మాటలు. పెద్ద కోళ్ళ మేతా పిల్లల మేతా ఒకటే అనుకుని ఒకే బస్తా ఇచ్చి పంపేవాళ్ళున్నారు. గుడ్లు పెట్టే కోడి మేతలో కాల్షియం నాలుగు శాతం దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఒక్కో పెంకుకి రెండు గ్రాముల దాకా కావాలి. ఎదిగే పిల్లకి ఒక శాతం చాలు, అంతకు అంత పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. రెండు బస్తాల మీదా పెద్ద అక్షరాలతో రాయిస్తే సరిపోతుంది.

గూటికని మీరు అంటగట్టే సన్నటి ఆరుపలకల వల గురించి కూడా చెప్పాలి. అది కోడిని లోపల ఆపుతుంది, ముంగిసనీ కుక్కనీ బయట ఆపదు. కుక్క పళ్ళతో లాగితే చిరుగుతుంది, ఎలుకా పామూ దాని కన్నాల్లోంచే దూరతాయి. అరంగుళం గళ్ళ వెల్డ్ మెష్ కావాలి, అది గోడ దగ్గర ఆగిపోకుండా నేల మీద అడుగు వెడల్పున బయటికి పరిచి మట్టి కప్పాలి, తవ్వే జంతువు గోడ పక్కనే తవ్వుతుంది కాబట్టి. ఒక్క రాత్రి తలుపు గడియ సరిగ్గా పడకపోతే పొద్దున్న కనిపించేది జీవితాంతం గుర్తుండిపోతుంది, ముంగిస ఒక్కదాన్ని తిని మిగతావాటిని కూడా చంపి పోతుంది. కోడికి గూట్లో నాలుగు చదరపు అడుగులు, తిరగడానికి పది, పడుకోవడానికి ఎత్తుగా ఒక కర్ర, మట్టిలో పొర్లడానికి పొడి చోటు. ముందు గూడు కట్టుకుని తర్వాత రమ్మని చెప్పడం మీ బాధ్యతే. నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా అదే చేస్తాడు, గూడు ఫోటో చూపించందే పిల్లలివ్వడు. ఆయన దగ్గర కొన్నవాళ్ళు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్తారు.

వాన పట్టినప్పుడు పొట్టు తడిసి వాసన, రక్తపారుడు. ఎండాకాలం చెమట పట్టని ఒళ్ళు కాబట్టి నోరు తెరిచి ఆయాసం. పగలంతా పగుళ్ళలో దాక్కుని రాత్రి రక్తం తాగే సన్న పురుగులు. నాలుగు రోజులు ఊరెళ్ళాలంటే తలుపు తీసి వేసే మనిషిని వెతుక్కునే టెన్షన్. పశువుల డాక్టరు ఉన్నా ఒక్క కోడిని పట్టుకెళ్తే "ఇంకోటి కొనుక్కోండి" అనే సలహా. ఇవన్నీ కాగితంలో పట్టవు, కనీసం రోజూ పని ఉంటుందన్న మాట రాయండి. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని, పసిపిల్లల చేత ముద్దు పెట్టించొద్దని తప్పకుండా రాయండి, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెట్టలోనూ సాల్మొనెల్లా అనే, మనుషులకి కడుపు జబ్బు తెచ్చే క్రిమి ఉండొచ్చు.

ఆఖరిది, అందరూ దాటేసేది. "ఏడాదికి మూడొందల గుడ్లు" అని మీరు రాస్తారు. నిజమే, గుడ్ల కోసం తీర్చిన సంకర జాతి మొదటి ఏడాది దాదాపు అంత పెడుతుంది. దాని పూర్వీకురాలైన అడవికోడి ఏడాదికి పది పదిహేను పెట్టేది. అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చిన బరువంతా ఆ పెట్ట ఒంటి మీదే పడుతుంది. గుడ్డు అడ్డం పడటం, కడుపులో నీరు చేరడం, మూడేళ్ళు దాటిన గుడ్ల కోళ్ళలో ఇవి మామూలుగా చూస్తుంటాం. రెండో ఏడు ఈకలు రాల్చి నెలా రెండు నెలలు గుడ్డే పెట్టదు. ఆ తర్వాత ఏటా తగ్గుతూ పోతుంది. పోనీ బతికేది ఎన్నాళ్ళు? బాగా చూసుకుంటే ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. అంటే మీరు చెప్పిన ఆ అంకె దాని బతుకులో ఒక చిన్న ముక్క. మిగిలిన ఏళ్ళ గురించి ఎవరూ చెప్పకుండా అమ్మితే, రెండేళ్ళకి జనం దాన్ని వదిలించుకోవాలని చూస్తారు, అందులో వాళ్ళ తప్పు ఎంత? గుడ్లు మానేసిన పెట్టని కూడా చూసుకుంటారో, లేక ఇంకేదైనా చేస్తారో, అది వాళ్ళిష్టం, కానీ కొనేరోజే ఆలోచించుకునే అవకాశం ఇవ్వాలి. మా దగ్గర గుడ్డు మానేసిన ముసలి పెట్ట ఒకటుంది, కొత్త పిల్లలకి ఎక్కడ ఎండ పడుతుందో, ఎక్కడ చెదలు దొరుకుతాయో చూపించేది అదే. మేతకి మేత దండగ అని దాన్ని చూసి నేనెప్పుడూ అనుకోలేదు.

ఇదంతా చెప్తే బేరాలు పడిపోతాయని మీ భయం. కొన్ని పడిపోతాయి, ఒప్పుకుంటాను. పడిపోవాల్సినవే పడిపోతాయి, సంతలో బొమ్మ కొన్నట్టు కొనేవి. చెప్పి అమ్మితే మాత్రం ఆ పిల్లలు బతుకుతాయి, కొన్నవాళ్ళు రెండేళ్ళకి మళ్ళీ వస్తారు, పక్కింటివాళ్ళని వెంటబెట్టుకుని వస్తారు. మొదటి వారంలోనే పిల్లలన్నీ చచ్చిపోయిన ఇంట్లోవాళ్ళు ఇంకోసారి మీ గుమ్మం తొక్కరు.

రాయడానికి తీరిక లేదంటే మేమే రాసిస్తాం. పైన చెప్పినదంతా తేలిక మాటల్లో, బొమ్మలతో, రెండు పేజీల్లో సర్ది ఇస్తాం, మీరు అచ్చేయించుకోండి, మాకేమీ ఇవ్వక్కర్లేదు. మీరు నింపాల్సినవి నాలుగే: పిల్ల పుట్టిన తేదీ, ఏ టీకా ఏ రోజు వేశారు, ఆడామగా ఏరారా లేదా, మగదైతే తిరిగి తీసుకుంటారా లేదా. వాటి కింద మీ సంతకం.

ఇట్లు,
పెరట్లో కోళ్ళు పెంచుకునే ఒక మనిషి